దుమ్ము లేని రోజు

నెట్టీ హావ్రిలుక్ ముందు "ఇక్కడ చూడ్డానికేం లేదు" అన్నవాళ్ళెవరూ ఆ రోజుల్లో కాఫీ వేడిగా తాగి ఎరగరు. ఆ మాట చెవిన పడిందా, ఆవిడ కాఫీ కూజా పక్కన పెట్టేసి, రెండు చేతులూ నడుం మీద వేసుకుని పాఠం మొదలుపెట్టేది. కాఫీ సంగతి ఆ తర్వాతే. కెనడాలో సస్కాచెవాన్ మైదానం మీదుగా పడమటి కొండలు చూడ్డానికి పోయే కార్లు పెట్రోలుకీ తిండికీ మా ఆర్డ్‌లీలో ఆగాల్సిందే, వేరే దిక్కు లేదు. పెట్రోలు పంపూ ఆవిడదే, హోటలూ ఆవిడదే.

"పొద్దున్నించీ నడుపుతున్నామండీ, బల్లపరుపు నేల తప్ప ఇంకోటి కనపడలేదు. ఈ ఖాళీ ఇంకెంత దూరం?" అని అడిగేవాళ్ళు, పాపం, నిద్రమొహాలతో.

"ఖాళీయా? నువ్వు చూసింది మైదానం కాదు నాయనా, హైవే. రైలు వాళ్ళు నేల ఎక్కడ మరీ చదునుగా ఉందో వెతికి వెతికి అక్కడే పట్టాలు వేశారు. రోడ్డు వాళ్ళు ఆ పట్టాల పక్కనే రోడ్డేశారు. మా పెరటి దారిన వచ్చి, చెత్తడబ్బా చూసి, ఇల్లేం బాగాలేదన్నట్టుంది నీ మాట!"

అంతటితో ఊరుకునేది కాదు. ఎవరైనా ఇంకా పెదవి విరిస్తే, వంటింటి కిటికీలోంచి ఉత్తరంగా పోయే కంకర రోడ్డు చూపించేది. ఆ రోడ్డు పట్టుకుని అరగంట పోతే, అప్పటిదాకా అరచేతిలా ఉన్న నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. కింద లోయ, అడుగున వంకర్లు తిరిగే ఏరు, గట్ల మీద అడవి గులాబీ పొదలు. అంచు మీద నిలబడేదాకా అక్కడ లోయ ఉందన్న సంగతే తెలియదు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి నోరెత్తేవాళ్ళు కాదు. వాళ్ళ మొహాలు తల్చుకుని ఆవిడ రెండ్రోజులు నవ్వుకునేది.

"ఆ లోయ నీ పుట్టింటోళ్ళదా ఏంటే, అంత పొడుచుకొస్తోంది?" అనేవాడు మొగుడు ఓరెస్ట్. "పోనీలే, పాపం, కొండలు చూసుకోనీ. మన దుమ్ము రోడ్లెక్కించి ఏడిపించడం ఎందుకు?"

"నువ్వు నోర్మూసుకుని సూపు తాగు ముసలోడా."

ఆవిడ పుట్టింది ఇక్కడే. ఉక్రెయిన్ నించి వచ్చి ఈ నేల దున్నిన తాతకి మనవరాలు. ఊరి హాల్లో డాన్సుల్లో ఓరెస్ట్‌ని చూసింది. ఆ సాయంత్రమంతా అతను తనతో ఒకే ఒక్క మాట మాట్లాడాడనీ, అది కూడా వాన గురించేననీ జీవితాంతం దెప్పుతూనే ఉంది. పెళ్ళయ్యాక అందరిలాగే కొండల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆవిడకి ఊపిరాడలేదు. "ఎటు చూసినా గోడే. ఎవరొస్తున్నారో తెలియదు, వాన ఏ మూల నించి వస్తుందో తెలియదు. ఇందులో ఎలా పడుకుంటారు మనుషులు?" అని మర్నాడే బయల్దేరదీసింది.

ఆవిడ గర్వమంతా అందులోనే ఉంది. మా వైపు ఏదీ దాగదు, ఎవరూ దాగలేరు అనేది. ఆ మాటకి ఆవిడ చూపించే సాక్ష్యం ఆ వంటింటి కిటికీయే. ఎండలు కాసే రోజుల్లో కంకర రోడ్డు మీద ఏ బండి కదిలినా వెనకాల దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము చూసి ఆవిడ మనిషి పేరు చెప్పేది. తమ్ముడు వాల్టర్‌ది ఎగిరెగిరి పడే దుమ్ము, వాడికి బ్రేకు సంగతి తెలియదు. పోస్టు బండిది ఆగి ఆగి లేచే దుమ్ము. ఓరెస్ట్‌ది నేలకి అంటుకుని, తొందర లేకుండా సాగే దుమ్ము. సాయంత్రం అది కనపడగానే పెరోగీలు మరిగే నీళ్ళలో వేసేది. లోపల బంగాళాదుంపా జున్నూ కూరిన ఆ పిండి ముద్దలు ఉడికి పైకి తేలేసరికి అతను తలుపు తోసుకుని వచ్చేవాడు. ఓరెస్ట్ ఆ కిటికీని "నీ టీవీ" అనేవాడు.

లోయకి పోయే ఆ కంకర రోడ్డు మీద సగం దూరంలో తూర్పు పడమరల రోడ్డు ఒకటి అడ్డంగా వస్తుంది. ఆ కూడలిలో స్టాపు బోర్డు లేదు, లైటు లేదు. ఒక మూల జమ్ము పెరిగిన మడుగు, ఇంకో మూల రంగు వెలిసిన చెక్క శిలువ. వెనకటికి ఇద్దరు ఇరుగుపొరుగు రైతులు పట్టపగలు, మబ్బు తునక కూడా లేని రోజున, అక్కడ గుద్దుకుని పోయారు. చుట్టూ కనుచూపు మేర ఇంకో బండి లేదు. కారు దిగి ఆ శిలువకి ఫోటో తీసుకున్న బయటివాళ్ళు అడిగేవాళ్ళు, ఇంత బయలులో ఎలా గుద్దుకుంటారండీ అని. కొందరు నవ్వేవాళ్ళు కూడా.

ఓరెస్ట్ మాత్రం నవ్వేవాడు కాదు. "రెండు బళ్ళూ ఒక్క వేగంతో కూడలికి వస్తున్నాయనుకో, అవతలి బండి నీ కంటికి కదలదు. అద్దం పక్క కమ్మి ఉంటుందే, దాని వెనకాల నిలబడిపోతుంది. కదలనిదాన్ని కన్ను పట్టించుకోదు. మీద పడ్డాకే తెలుస్తుంది."

"మరి నువ్వు అక్కడ ఆగవేం?" అని నెట్టీ నిలదీసేది.

"ఎందుకాగడం? దుమ్ము కనపడదూ? దుమ్ము కమ్మి వెనకాల పట్టదుగా."

అతను రోజూ సాయంత్రం ఆ కూడలి దాటాలి. ఇల్లు పడమటి వైపు, దూడలు మేసే బీడు తూర్పు వైపు. వెళ్ళి తొట్టిలో నీళ్ళున్నాయో లేదో చూసి, తర్వాత హోటలుకి వచ్చి తినేవాడు. పెళ్ళయిన నాటి నించీ అటూ ఇటూ చూసి, దుమ్ము లేకపోతే వేగం తగ్గించకుండా దాటేసేవాడు. మా వాళ్ళందరిదీ అదే పద్ధతి.

ఆ వేసవిలో చుక్క వాన లేదు. నూనెగింజల కనోలా పైరు చీలమండ ఎత్తున ఆగిపోయింది, మడుగులు అంచుల నించి తెల్లబారి కుంచించుకుపోయాయి. జనం ఒకరినొకరు పలకరించుకోవడం మానేసి ఆకాశం కేసి చూస్తుండేవాళ్ళు. అలాంటిది జులై చివర్లో రెండు రాత్రులు వరసగా కురిసింది. తెల్లారి నెట్టీ హోటలు గుమ్మంలో నిలబడి తడిసిన కంకర వాసన పీల్చి, కళ్ళు తుడుచుకుంది.

ఓరెస్ట్ బూట్లు తొడుక్కుంటూ కిటికీ వైపు గడ్డం ఎగరేశాడు. "ఇవాళ నీ టీవీకి కరెంటు పోయింది."

"పోతే పోయింది. వచ్చేటప్పుడు చూడలేదూ, కూడలి దగ్గర మడుగు మళ్ళీ నిండింది!"

"లోయకి మాత్రం ఎవర్నీ తోలకే. అంచు దగ్గర బంకమట్టి, జారతారు."

"నేనెందుకు తోల్తాను? నాకు పన్లేదా?" అందావిడ. అప్పటికి నిజంగానే అంది.

మధ్యాహ్నం దాటాక నీలం కారొకటి వచ్చి ఆగింది. టొరంటో జంట, పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు. అతని పేరు బ్రెంట్, ఆ అమ్మాయి లారెన్. మంచి పిల్లలే. ఆ అమ్మాయి బల్ల మీద తల వాల్చేసింది.

"నిన్న పొద్దున్నించీ కిటికీలోంచి ఒక్క ఫోటో తీయలేదండీ నేను," అంది. "కళ్ళు మూసుకుని తెరిస్తే మళ్ళీ అదే. ఇక్కడ పుట్టినవాళ్ళు ఏం చూస్తూ బతుకుతారు?"

అతను మెల్లిగా కసిరాడు, "లారెన్, ఊరుకో." కానీ మొహంలో నవ్వు దాగలేదు.

నెట్టీకి ఒళ్ళు మండింది. వాన పడి ఊరంతా పచ్చబడ్డ రోజున, తన బల్ల దగ్గరే కూర్చుని అంత మాటంటే ఎలా పడుతుంది? కాఫీ కూజా పక్కన పెట్టింది. పాఠం చెప్పింది. రైలు పట్టాల సంగతి, పెరటి చెత్తడబ్బా సంగతి. వాళ్ళు నవ్వారు. నవ్వాక ఊరుకోవచ్చు. ఆవిడ ఊరుకోలేదు. చెయ్యి పట్టుకున్నంత పని చేసి కిటికీ దగ్గరికి లాక్కొచ్చింది.

"అదిగో ఆ రోడ్డు. చివరిదాకా పోండి. అంచుకి ఇవతలే కారు ఆపి నడవండి, జారుతుంది. చూసొచ్చి అప్పుడు చెప్పు, ఏం చూస్తూ బతుకుతామో. వచ్చేసరికి సాస్కటూన్ పళ్ళు కూరి కాల్చిన 'పై' వేడిగా ఉంటుంది, డబ్బులక్కర్లేదు."

"రోడ్డు మీద భయం లేదుగా?" అన్నాడు బ్రెంట్.

"భయమా! ఇక్కడ ఏదీ దాగదు బాబూ. ఎటు చూసినా నీకే కనపడుతుంది, హాయిగా పో."

వాళ్ళు వెళ్ళారు. నెట్టీ అలవాటుగా కిటికీలోంచి చూసింది. నీలం కారు కాసేపు కనపడింది, తర్వాత పల్లంలోకి దిగింది, మళ్ళీ పైకి వచ్చిందో లేదో ఆవిడకి తెలియలేదు. వెనకాల ఏమీ లేవలేదు. రోడ్డు కడిగినట్టుంది. ఆవిడకి ఏదో మర్చిపోయినట్టు అనిపించింది. పొయ్యి చూసుకుంది, పంపు తాళం చూసుకుంది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిండి కలపడంలో పడిపోయింది.

పొద్దు వాలుతుండగా కారు తిరిగొచ్చింది. లారెన్ చెప్పులనిండా మట్టి, జుట్టులో గడ్డిపూలు. లోపలికి వస్తూనే నెట్టీని కావలించుకుంది.

"మీరు చెప్పింది నిజమండీ. క్షమించండి. నేను అంచు మీద కూర్చుని ఏడ్చాను తెలుసా? అంత అందం!"

నెట్టీ మొహం వెలిగిపోయింది. 'పై' ముక్కలు కోసి పెట్టింది, రెండేసి. ఓరెస్ట్ వచ్చాక ఈ మాట మళ్ళీ చెప్పించాలనుకుంది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, పళ్ళెంలో పెరోగీలు సిద్ధంగా ఉన్నాయి.

"అన్నిటికంటే ఆ రోడ్డు బాగుందండీ," అన్నాడు బ్రెంట్, నోటినిండా పెట్టుకుని. "వచ్చేటప్పుడు పాటలు పెట్టుకుని దూసుకొచ్చేశాం. దారి పొడుగునా నరమానవుడు లేడు. ప్రపంచంలో మేమిద్దరమే ఉన్నట్టుంది."

నెట్టీ చేతిలో గరిటె ఆగింది.

ఓరెస్ట్ ఇందాకే కూడలి దాటి తూర్పుకి పోయి ఉండాలి. వీళ్ళూ ఆ వేళకే ఉత్తరం నించి అక్కడికి వచ్చి ఉంటారు. కనపడి ఉండాల్సింది. బయలు నేల, పొద్దు వెలుగు, ఎర్ర ట్రక్కు. కనపడకుండా ఎలా ఉంటుంది?

"ఎర్ర ట్రక్కొకటి కనపడలేదూ? మడుగు దగ్గర?"

"లేదండీ. అసలు ఎవరూ లేరు," అంది లారెన్ నవ్వుతూ.

కిటికీ వైపు తిరిగింది. దుమ్ము లేదు. మధ్యాహ్నం నించీ లేదు, పొద్దున్నించీ లేదు. దుమ్ము లేకపోతే ఓరెస్ట్ ఆగడు. దుమ్ము లేకపోతే బండి లేదని అతని లెక్క. వాళ్ళని ఏ భయం లేదని పంపింది తను. ఫోను చేసింది, మోగి మోగి ఆగిపోయింది. "మీరు తింటూ ఉండండి," అని చెప్పింది, ఏప్రన్‌తోనే పాత కారెక్కింది.

కూడలి చేరేలోపు ఎంత మొక్కుకుందో ఆవిడకే తెలుసు. దూడల దగ్గర కూర్చుని ఉండాలి, తొట్టి పగిలి బాగుచేస్తూ ఉండాలి, వాల్టర్‌తో వాన కబుర్లు చెబుతూ ఉండాలి. నాలుగు వైపులా చూసింది. ఎక్కడా ఏమీ లేదు. గడ్డి, శిలువ, జమ్ము, ఆకాశం. ఆ క్షణాన ఆవిడకి కూడా ఆ పిల్ల చూసిందే కనపడింది. ఏమీ లేకపోవడం.

అప్పుడు పిట్టలు వినపడ్డాయి. జమ్ములో గూళ్ళు కట్టుకునే ఎర్రరెక్కల నల్లపిట్టలు, వాలకుండా, మడుగు మీదే తిరుగుతూ అరుస్తున్నాయి. అవతల కంచె వెంట దూడలు వరసగా నిలబడి ఇటే చూస్తున్నాయి. కిందికి చూసింది. తడి కంకర మీద ఒక కారు చక్రాల జాడ, ఉత్తరం నించి దక్షిణానికి, ఎక్కడా వంకర లేకుండా తిన్నగా ఉంది. పడమర నించి వచ్చిన ఇంకో జాడ, దాని అంచుదాకా వచ్చి, ఒక్కసారిగా మెలిదిరిగి జమ్ములోకి పోయింది.

ట్రక్కు బోర్లా పడి ఉంది. జమ్ము మళ్ళీ పైన మూసుకుపోయింది, పక్కన నిలబడితే తప్ప చక్రం కూడా కనపడదు. నీళ్ళు మోకాలి లోతే. మొన్నటిదాకా ఆ మడుగులో ఎండిన మట్టి పెంకులే ఉండేవి. ఆవిడ బురదలో దిగి, తలుపు ఊడబెరకబోయి, గోళ్ళు విరగ్గొట్టుకుని, కిటికీలోంచి చెయ్యి పెడితే అతని చెయ్యి దొరికింది. ఇంకా వెచ్చగానే ఉంది, నాడి మాత్రం లేదు. "ఓరెస్ట్, ఓ ముసలోడా, లే," అంటూనే ఉంది, ఆ దారిన పోతూ వాల్టర్ చూసి, దిగి వచ్చి ఆవిణ్ణి పైకి లాగేదాకా.

హోటలుకి తిరిగొచ్చేసరికి నీలం కారు లేదు. పళ్ళేలు కడిగి బోర్లించి ఉన్నాయి, పొయ్యి ఆర్పి ఉంది. మంచి పిల్లలు. తమ వెనక ఏం జరిగిందో వాళ్ళకి ఇప్పటికీ తెలియదు, కొండలు చూసి ఇంటికి పోయి ఉంటారు.

ఆ రాత్రి మళ్ళీ వాన పడింది. పొద్దున పోలీసాయన వచ్చేసరికి జాడలు కొట్టుకుపోయాయి. "జింక అడ్డొచ్చి ఉంటుందమ్మా, తప్పించబోయి పడ్డాడు," అన్నాడాయన, టోపీ చేత్తో పట్టుకుని.

నెట్టీ తల ఊపింది. జింకేనని ఊరంతా చెప్పుకుంది. వాల్టర్ కూడా అదే నమ్మాడు. ఆ రెండు జాడల సంగతి ఆవిడ ఎవరితోనూ పంచుకోలేదు.

వంటింటి కిటికీకి దళసరి తెర వేసింది. హోటలు మాత్రం మూయలేదు, మూసి ఏం చేస్తుంది?

మరుసటి వేసవిలో ఎండలు బాగా కాసి, కంకర రోడ్ల మీద మళ్ళీ దుమ్ము లేస్తున్న రోజుల్లో, కొండలకి పోతూ ఒక కుటుంబం ఆగింది. కారు దిగినాయన ఒళ్ళు విరుచుకుని నాలుగు వైపులా చూశాడు.

"ఇక్కడ చూడ్డానికేమైనా ఉందాండీ? మరీ ఖాళీగా ఉందే!"

మూల బల్ల దగ్గర కూర్చున్న వాల్టర్ కప్పు దించి అక్క వైపు చూశాడు. పాఠం వినబోతున్నారు, పాపం, అనుకున్నాడు.

"ఏం లేదు నాయనా," అంది నెట్టీ. "ఇక్కడేం లేదు. హైవే దిగకుండా తిన్నగా పోండి."

కూజా అందుకుని, అందరికీ కాఫీ వేడివేడిగా పోసింది.