బెజవాడలో మా తులసి కార్డుకు తాళం పడిన రోజు

మా తులసి చెప్పింది బ్యాంకు వాళ్లు విన్నారండీ! దానికి మాట రాదని తెలిసి కూడా దాన్నే కూర్చోబెట్టి, దాన్నే అడిగి, అది చెప్పిందే ఖాయం చేసుకున్నారు. కార్డు తెరిచారు, గుడ్డ కొన్నాం, ఇల్లు చేరాం. ఈ ఏడాది మా ఇంట్లో ఇంతకంటే గొప్ప సంగతి లేదు. నేను ఏడో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలో దిగినవాణ్ణి. రాతలో తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. బందరు వైపు నుంచి బెజవాడ వన్ టౌన్‌కు గుడ్డ కొనడానికి వెళ్లేవాళ్లు, అందులోనూ కార్డు పట్టుకుని వెళ్లేవాళ్లు మాత్రం చివరిదాకా చదవాలని నా కోరిక.

మాది పెడన. తులసి మాకు ఒక్కతే కూతురు. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. అయితే చక్కగా చదువుకుంది, నాకంటే బాగా, ముత్యాల్లా రాస్తుంది. చాలా ఏళ్లు వేరేవాళ్ల షెడ్డులో కలంకారీ అచ్చులు వేసి, ఈమధ్యే సొంతంగా మొదలుపెట్టింది. వేసిన గుడ్డల ఫొటోలు ఫోనులో పెట్టి అమ్ముతుంది. ఆ అమ్మకాలు చూసి బ్యాంకు వాళ్లు దాని పేరు మీదే క్రెడిట్ కార్డు పంపించారు. మొన్న హైదరాబాదు బట్టల కొట్టొకటి దానికి దుపట్టాల ఆర్డరు ఇచ్చింది. మొదటి పెద్ద ఆర్డరు! దానికి కోరా గుడ్డ కావాలి. కోరా గుడ్డంటే మగ్గం మీంచి దిగింది దిగినట్టు ఉండే గుడ్డ. దాన్ని గంజి పోయేదాకా పారే నీళ్లలో ఉతికి, ఆ తర్వాత కరక్కాయ నీళ్లలో ముంచి, అప్పుడు అచ్చు వేయాలి. పారే నీళ్లంటే మాకు కాలవే. ఎండాకాలం కాలవ కట్టేస్తారు కదా, ఇంకో వారమే గడువుంది. ఈ వారంలో గుడ్డ తడవకపోతే ఆర్డరు ఇంకొకరి చేతికి పోతుంది. డబ్బు నేను సర్దుతానన్నాను. తులసి ఫోనులో టైపు చేసి నా ముఖం ముందు పెట్టింది: "నీ డబ్బుతో కొంటే అది నాన్న వ్యాపారం. నా కార్డుతో కొంటే నా వ్యాపారం." మర్నాడే బయల్దేరాం.

పొద్దున్నే ఆటోలో బందరు బస్టాండుకు చేరి, ఏడు గంటల ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బెజవాడకు రెండు గంటల పైన పడుతుంది. నాకు టికెట్ నూరు దాటింది గానీ, ఆడవాళ్లకు ఇప్పుడు ఉచితం కాబట్టి తులసికి జీరో టికెట్. కండక్టరు దగ్గరికొచ్చి "ఎక్కడికమ్మా?" అన్నాడు దాన్ని చూసి.

"బెజవాడండీ, ఇద్దరం. మా అమ్మాయికి మాట రాదండీ" అన్నాను నేను.

"ఆధార్ చూపించాలండీ."

"అదేనండీ చెప్తున్నాను, మాట రాదు, వినపడదు, చిన్నప్పట్నుంచీ..."

"కార్డు చూపించడానికి మాటెందుకు పెద్దాయనా? ఆవిడ ఎప్పుడో చూపించేశారు. మీ చిల్లరే ఇంకా రాలేదు."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తులసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పామర్రులో బస్సు ఆగినప్పుడు దిగి టీ తాగాను, దానికి పల్లీల పొట్లం తెచ్చిచ్చాను. అక్కణ్ణుంచి ఉయ్యూరు దాకా రెండు పక్కలా మినుము కోసేసిన చేలు, మధ్యలో కాలవ. కాలవలో నీళ్లు అప్పుడే అడుగంటుతున్నాయి. తులసి వేలితో కాలవను చూపించి, ఆ వేలితోనే తన చేతి గడియారం మీద కొట్టింది.

బస్టాండు నుంచి వన్ టౌన్‌కు ఆటోవాడు ఎనభై అడిగాడు, డెబ్భైకి ఒప్పుకున్నాడు. కొత్తగా వెళ్లేవాళ్లు పది గంటలకల్లా చేరండి. ఆ తర్వాత తోపుడుబళ్లూ లారీలూ అడ్డంపడి సందుల్లో మనిషి నడవలేడు. నేను నా వయసులో ఎన్నిసార్లు వెళ్లానో గానీ, ఆ గుడ్డల బజారు చూసినప్పుడల్లా నోరు తెరుచుకునే నిలబడతాను. నేల నుంచి కప్పు దాకా తానులే తానులు! ఏ ఊరి మగ్గం మీద ఎవరు కష్టపడితే ఇంత గుడ్డయిందో అనిపిస్తుంది. మేం వెళ్లింది ఖాదర్ భాయ్ కొట్టుకు. నాతో పరిచయం లేదు, తులసితో ఫోను మెసేజీల్లోనే బేరాలు. అది లోపలికి అడుగుపెట్టగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"రామ్మా రా. ఈయనెవరు, నాన్నగారా? కూర్చోండి బాబాయిగారూ. మీ అమ్మాయి బేరానికి దిగితే నాకు చెమటలు పడతాయండీ. ఒక్క మాట మాట్లాడదు, ఒక్క రూపాయి వదలదు!"

ఇద్దరి మధ్యా ఒక లెక్కల మిషను. ఆయన ఒక అంకె కొడతాడు, ఇది చెరిపేసి ఇంకో అంకె కొడుతుంది. ఆయన తల బాదుకుంటాడు, ఇది తాను విప్పి, గుడ్డ కొస తడిపి, వేళ్ల మధ్య నలిపి గంజి ఎంతుందో ఆయన కళ్ల ముందే చూపిస్తుంది. ఆయన మళ్లీ కొడతాడు. నేను గోడవారన కూర్చుని చూస్తున్నాను. నా కూతురు ఇంత గడుసుదని నాకెవరూ చెప్పలేదండీ! బేరం తెగింది. తులసి సంచిలోంచి కార్డు తీసి, చీర కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. ఖాదర్ భాయ్ మిషన్లో పెట్టాడు. అది కాసేపు ఆలోచించి, కుదరదంది.

అంతలో తులసి ఫోను వణికింది. ఒకేసారి అంత పెద్ద మొత్తం చూసి, సరిచూసుకోవడానికి బ్యాంకు వాళ్లు చేశారు. తులసి ఫోను నాకిచ్చింది. దానికొచ్చే ఫోన్లన్నీ నేనే ఎత్తుతాను. గ్యాసు వాళ్లయినా, ఆసుపత్రి వాళ్లయినా అంతే.

"తులసి గారేనా అండీ మాట్లాడేది?" అంది అవతలి అమ్మాయి.

"ఆ, అవునమ్మా, చెప్పండి" అన్నాను అలవాటు కొద్దీ.

"సర్, మీరు తులసి గారా?"

"తులసే అనుకోండమ్మా. ఏం చెప్పాలో నాకు చెప్పండి."

"కార్డు ఎవరిదో వాళ్లతోనే మాట్లాడాలి సర్. ఆవిడకివ్వండి."

"ఆవిడ మాట్లాడదమ్మా."

"ఎందుకు మాట్లాడరు? మీరు మాట్లాడనివ్వట్లేదా?"

"అయ్యో తల్లీ, నేను మాట్లాడనివ్వకపోవడమేంటి, అరవై ఏళ్లు దాటినవాణ్ణి..." అంటుండగానే, భద్రత కోసం కార్డును ఆపేస్తున్నామని చెప్పి పెట్టేసింది. ఖాదర్ భాయ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఏం బాబాయిగారూ, ఇంత గంభీరమైన గొంతేసుకుని తులసినంటే ఎవరు నమ్ముతారండీ? కాస్త సన్నగానైనా అనాల్సింది!"

నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత గంటసేపు బ్యాంకు నంబరుకు ఫోను చేస్తూనే ఉన్నాను. తెలుగుకు ఒకటి నొక్కమంటారు, కార్డుకు మూడు నొక్కమంటారు. అన్నీ నొక్కాక, పుట్టిన తేదీ నోటితో చెప్పమంటుంది మిషను. నేను చెప్తే అర్థం కాలేదు, మళ్లీ చెప్పమంటుంది. మనిషి దొరికితే, కార్డుదారును లైన్లోకి పిలవమంటారు. మాట రాదంటే, అయితే ఆవిడ ఆ సంగతి ఫోనులో చెప్పాలంటారు! మాట రాదని మాటతో ఎలా చెప్తుందండీ? అందరూ మర్యాదగానే ఉన్నారు, అందరూ మా భద్రత కోసమేనన్నారు. దొంగ రాకూడదని తాళం వేసి ఇంటిమనిషిని వీధిలో నిలబెట్టినట్టుంది ఈ వరస అని అరిచేశాను. తులసి నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "నువ్వేమన్నావు వాళ్లతో?" అని టైపు చేసింది. నేను సైగలతో చెప్పాను. అది కళ్లు మూసుకుని, నుదురు పట్టుకుంది.

"చూడండి, చీరాల నుంచి ఒక పార్టీ ఇదే సరుకు అడుగుతోంది. దీపాలు పెట్టే వేళ దాకా వీటి మీద చెయ్యి పడనివ్వను. ఆ తర్వాత నన్ను ఏమీ అనుకోవద్దు" అన్నాడు ఖాదర్ భాయ్. కార్డుల ఆఫీసు గుణదల వైపుందని ఆయనే చెప్పి, తెలిసిన ఆటోను పిలిచాడు. ఆటోవాడు నూట యాభై తీసుకున్నాడు. దారిలో మరియమాత గుడి ఉన్న కొండ కనపడగానే డ్రైవరు చెయ్యెత్తి మొక్కి, "మొక్కుకోండి పెద్దాయనా, బ్యాంకు పనంటున్నారుగా" అన్నాడు. మొక్కుకున్నానండీ. కనకదుర్గమ్మ ఏమీ అనుకోదులెమ్మని మొక్కుకున్నాను.

ఆఫీసులో మా వంతు వచ్చేసరికే పొద్దు వాలింది. అక్కడ అనూష అనే అమ్మాయి కూర్చోమంది. నేను పొద్దుటి నుంచి జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆమె అంతా విని, నా వైపు కాకుండా తులసి వైపు తిరిగి, ఒక కాగితం మీద "నమస్తే. కార్డు మీదేనా?" అని రాసి ముందు పెట్టింది. తులసి తలూపింది.

"మాట రానివాళ్లకు వీడియోలో రాతతో సరిచూసే పద్ధతి ఉందండీ. ఫోనులో ఆ అమ్మాయి మీకు చెప్పి ఉండాల్సింది. ఆ గదిలో చేస్తాం" అని అద్దాల గది చూపించింది అనూష. నేను లేచి తులసి వెంట నడిచాను. "మీరు రాకూడదండీ" అంది.

"నేను లేకపోతే దానికెలాగమ్మా?"

"పక్కన ఎవరూ ఉండకూడదండీ. పక్కన ఎవరో నిలబడి అవుననిపిస్తుంటేనే కదా ఇన్ని మోసాలు జరిగేది."

"నేను కన్నతండ్రిని!"

"సొంతవాళ్లే చేసినవీ చూశామండీ. తులసి గారికి మీరు కావాలేమో ఆవిణ్ణే అడగండి."

అడిగాను. తులసి నా భుజాలు పట్టుకుని, వెనక్కి నడిపించి, బయటి కుర్చీలో కూర్చోబెట్టి, లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఇక్కణ్ణుంచి ఎలా రాయాలో నాకు తెలియట్లేదండీ. అద్దం ఇవతల నేను. అవతల నా కూతురు, ఒక కంప్యూటరు, ఒక తెల్ల పలక. తెర మీద ఎవరో ప్రశ్నలు రాస్తున్నారు. తులసి పలక మీద రాసి ఎత్తి చూపిస్తోంది, తుడుస్తోంది, మళ్లీ రాస్తోంది. ఇంతకుముందు కార్డుతో ఏం కొన్నారని అడిగినట్టున్నారు. "కరక్కాయలు" అని రాసింది. అవతలివాళ్లకు అర్థమైనట్టు లేదు. తులసి పలక కింద పెట్టి, పసుపు నలుపు మరకలెక్కిన పది వేళ్లూ కెమెరా ముందు విప్పింది. తర్వాత అచ్చు పట్టుకున్నట్టు పిడికిలి బిగించి, బల్ల మీద కొట్టి చూపించింది. తెర మీద మనిషి నవ్వాడు. నవ్వి, ఇంకేదో రాశాడు. తులసి తల తిప్పి అద్దంలోంచి నన్ను చూసింది. పలక మీద ఈసారి చాలాసేపు రాసింది. ఎత్తినప్పుడు నాకూ కనపడింది:

"ఆయన మా నాన్న. దొంగ కాదు. ఇన్నేళ్లూ నా మాట ఆయనే చెప్పాడు. ఇకనుంచి నేనే చెప్తాను."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. పెద్దవాళ్లెవరైనా వస్తే నిలబడతామే, అలాగ. అనూష గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ పిల్లకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు!

తలుపు తెరుచుకున్నాక తులసి ఫోను ఎత్తి చూపించింది, కార్డు తెరిచామని మెసేజీ వచ్చింది. బ్యాంకు వాళ్లు ఇకమీదట దాన్ని ఫోనులో మాట్లాడమనకుండా రాతలోనే అడిగేలా రాసుకున్నారట. మళ్లీ ఆటో, మళ్లీ వన్ టౌన్. వీధిలో దీపాలు వెలిగాయి. ఖాదర్ భాయ్ మా తానుల మీద దుప్పటి కప్పి, దాని మీద తనే కూర్చుని టీ తాగుతున్నాడు! కార్డు మిషన్లో పెట్టాడు. చీటీ గర్రున బయటికొచ్చింది. "తులసి గారూ, ఇదిగోండి మీ రసీదు" అన్నాడు ఆయన. పొద్దున అమ్మా అన్నవాడు సాయంత్రానికి గారూ అన్నాడు, గమనించారా? సరుకు పార్సిలు లారీకి వేయించి, మేం ఆఖరి బస్సుల్లో ఒకటి ఎక్కాం. మర్నాడు మధ్యాహ్నానికల్లా తానులు కాలవలో తడిశాయి.

బస్సులో తులసి నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. నాకు నిద్రెక్కడిది! మనిషికి మాట లేకపోతే ఆ మాటను ఇంకొకరు మోయాలని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ బరువు నాకెప్పుడూ బరువనిపించలేదు, నిజం. కానీ పలక ఎత్తిపట్టుకున్నప్పుడు దాని ముఖంలో ఉన్న వెలుగు నేను మోసినన్నాళ్లలో ఒక్కసారీ చూడలేదండీ. బ్యాంకు వాళ్ల రూల్సును ఆ రోజు ఎంత తిట్టానో. చివరికి ఆ రూలే నన్ను గది బయట కూర్చోబెట్టి, నా కూతుర్ని నాకు చూపించింది. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: పెద్ద మొత్తం కొనబోయే ముందు రోజే బ్యాంకుకు చెప్పుకోండి, కార్డు ఎవరిదో వాళ్లనే వెంట తీసుకెళ్లండి, బ్యాంకు వాళ్లు ఫోను చేసి పేరడిగితే మాత్రం ఎంత ప్రేమ ఉన్నా ఇంకొకరి పేరుకు మీరు అవుననకండి.

ఈ కబురు అందాల్సినవాళ్లు:

కప్పలదొడ్డి మేనత్త, తులసి పుట్టినప్పుడు మూడు రోజులు నాతోపాటు ఏడ్చింది గనక.

చల్లపల్లి బావగారు, ఆడపిల్లకు కార్డెందుకని అన్నారు గనక.

గూడూరు పెద్దవదిన, అచ్చులు పట్టుకోవడం దానికి నేర్పింది ఆవిడే గనక.

మంగళగిరి తోడల్లుడు, ఆయన ఊరంతటికీ చెప్తాడు గనక.

మా ఆవిడకు చెప్పక్కర్లేదు. బస్సు కంకిపాడు దాటకముందే తులసి ఆ గదిలో తీసుకున్న పలక ఫొటో పంపించేసింది.

వీళ్లలో ఎవరైనా ఎప్పటిలాగే నాకు ఫోను చేసి "తులసి ఏమంటోంది?" అని అడిగితే నేను చెప్పను. తులసి నంబరు ఇస్తాను.