గొళ్లానికి కట్టిన ఎర్రగుడ్డ

చిట్కుల్‌లో పాత ఇళ్లు ఒక్కొక్కటే కూలిపోయి, వాటి జాగాల్లో కంపెనీ పనివాళ్ల కోసం రేకుల గదులు వరుసగా లేచినా, మల్లవ్వ గది మాత్రం మట్టిగోడలతో, గూనపెంకులతో అలాగే నిలబడింది. దానికి పడమటి వాకిలి, ముందు ఒక బండరాయి గడప, అంతే. ఎవరైనా వచ్చి అమ్ముతావా అని అడిగితే మల్లవ్వ గోడను అరచేత్తో చరిచేది.

"మూరెడు మందమున్నది సూడు. ఎండ దీంట్లకెల్లి లోపటికి రావాలంటె దానికే పొద్దుగూకుతది."

భర్త సంగప్ప బతికి ఉన్నప్పుడు ఇద్దరూ ఊళ్లోవాళ్ల పొలాల్లో కూలికి వెళ్లేవారు. పొలాలు ప్లాట్లయ్యాయి. సంగప్ప పోయాడు. ఒక్కగానొక్క కూతురు సునందను సదాశివపేటలో ఇచ్చారు. మల్లవ్వ ఇస్నాపూర్ దగ్గర ఒక కంపెనీలో తోటపనికి కుదిరింది. పొద్దున్నే సద్దిగిన్నె పట్టుకుని వెళితే మళ్లీ సాయంత్రానికే రాక. "అప్పుడు వరిల గడ్డి తీసిన. ఇప్పుడు గడ్డిల గడ్డి తీస్తున్న. గీ కంపెనోళ్లకేం పుట్టిందో," అని నవ్వేది.

పక్క రేకుల గదిలో రవళి, సునీల్‌కుమార్ ఉండేవారు. సునీల్‌ది కాజీపల్లిలో మందుల కంపెనీ ఉద్యోగం. రాత్రి డ్యూటీ దిగి పొద్దున ఇల్లు చేరేవాడు. ఆ వేసవిలో పొద్దెక్కకముందే రేకులు కాగి టపటపమని చప్పుడు చేసేవి. ఫ్యాను వేస్తే పొయ్యి ఊదినట్టు వేడిగాలి. పడుకున్న చోట చాప తడిసిపోయేది కానీ కన్ను మూతపడేది కాదు. అలా నిద్ర లేక డ్యూటీలో ఒకసారి నిలబడ్డచోటే తూలి, పక్కవాడు పట్టుకోబట్టి బయటపడ్డాడని తెలిసిన రోజు రవళి అన్నం తినలేదు.

మరునాడు పనికి వెళ్తూ మల్లవ్వ వాళ్ల వాకిట్లో ఆగింది.

"ఏందిరా కొడుకా, కండ్లు పండుమిరపకాయలైనయ్?"

"నిద్ర లేదు పెద్దవ్వా."

"నేను పొద్దంత పనికాడనే ఉంట. నా గదిల ఎలుకలు కాళ్లు జాపుకొని పండుకుంటున్నయ్. నువ్వు పండుకుంటె వాటికేమన్న కోపమొస్తదా? ఇగో, తాళం."

ఆ విధంగా మొదలైంది. తర్వాత వరుసలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లంతా వంతులవారీగా ఆ గదిలోనే పగటి నిద్ర పోయేవారు. మల్లవ్వ వెళ్లేముందు కిటికీకి గోనెసంచి కట్టి తడిపి వెళ్లేది. అది మంచినీళ్లతో తడిపితే ఒప్పుకునేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, ఆ పైన స్నానం నీళ్లు ఒక పాత బకెట్‌లో పోగుచేయించేది. పొద్దున చల్లపూట ఒక్క పొయ్యి మీదే రెండిళ్ల అన్నం ఉడికేది. రేకుల కింద రెండుసార్లు మంట పెట్టడం దండగ అని. వరుసలో ఫ్రిజ్ ఉన్నది బడిలో చెప్పే క్లారా టీచరమ్మ ఇంట్లో మాత్రమే. అందులో ఎవరి నీళ్ల సీసా ఎవరిదో గుర్తుకు మెడకు రంగురంగుల దారాలు కట్టి ఉండేవి. తైదంబలి, అంటే రాగుల అంబలి, కాచితే మల్లవ్వది పెద్ద గిన్నె. దారిన పోయే బీహార్ పిల్లలకు కూడా ఒక్కో గ్లాసు పోసి, "పియో, పియో, ఠండా," అనేది. ఆమెకు వచ్చిన హిందీ అంతే.

ఎర్రగుడ్డ ఆలోచన సునీల్‌ది. గదిలో ఎవరో పడుకుని ఉంటారు, తెలియక ఎవరో తలుపు కొడతారు. అలా రెండు మూడుసార్లు జరిగాక అన్నాడు.

"మా కాడ ట్యాంకుల మనిషి దిగితె దాని మోటారు స్విచ్చికి ఎర్ర ట్యాగు కడ్తరు పెద్దవ్వా. అది ఉన్నంతసేపు ఎవ్వలు ముట్టొద్దు. కట్టినోళ్లే ఇప్పాలె. మేనేజరొచ్చినా సరే, నిలబడి సూడాల్సిందే."

మల్లవ్వకు అది బాగా నచ్చింది. తన పాత చీర అంచు చించి ఇచ్చింది. "గట్లయితె గీ గదికి మేనేజర్ను నేను. నేను గూడ ముట్ట."

అప్పటినుంచి గొళ్లానికి ఎర్రగుడ్డ కనిపిస్తే వరుసలో రోకలి ఆగేది, పిల్లలు అవతలి సందులోకి పోయేవారు. సెలవురోజున మల్లవ్వే కాపలా. మైకు పెట్టుకుని మామిడికాయల బండి వస్తే ఎదురుపోయి, "అరేయ్, నీ నోరు బంద్ చెయ్. లోపల పోరడు పండుకున్నడు. ఆ పోరనికేమన్న అయితె నీ కాయలన్ని నీతోనె తినిపిస్త," అని గదమాయించేది.

మే నెలలో ఆ రోజు సునీల్ మల్లవ్వ గదిలో అప్పుడే కునుకుపట్టాడు. బయట గొళ్లానికి గుడ్డ రవళే కట్టింది. కంపెనీ నుంచి ఫోను. పగటి డ్యూటీ మనిషి వడదెబ్బకు పడిపోయాడు, రావాలి, రోడ్డు మీదికి జీపు పంపుతున్నాం అన్నారు. రవళి గబగబా పెరుగన్నం కలిపి డబ్బా చేతికిచ్చింది. ఎండకు అందరి తలుపులూ మూసి ఉన్నాయి. అతను వెళ్లడం ఎవరూ చూడలేదు. రవళి మల్లవ్వ గది తలుపు దగ్గరికి వేసింది. గుడ్డ విప్పబోతుండగా సందు మొగదల నీళ్ల ట్యాంకర్ హారన్ వినిపించింది. దాని వెనక పడకపోతే రెండు రోజులు నీళ్లుండవు. వచ్చి విప్పుదాంలే అనుకుని డ్రమ్ము దొర్లించుకుంటూ పరుగెత్తింది.

తన డ్రమ్ము నింపింది. మల్లవ్వ డ్రమ్మూ నింపింది. ఒళ్లంతా తడిసి వస్తుంటే క్లారా తన గుమ్మంలోంచి పిలిచింది. కూలర్ ముందు కూర్చుని ఇద్దరూ తొక్కుకు మామిడికాయలు కోశారు.

"మా ఆయన గీ ఎండకాలం పూటకోసారి బాప్తిస్మం తీసుకుంటున్నడు రవళీ. బకెట్ల తల పెడ్తడు, 'ప్రభువా' అంటడు, లేస్తడు. పాస్టరుకు పని లేకుంట చేసిండు," అంది క్లారా. రవళి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆమెకు తర్వాత చాలాకాలం వినిపిస్తూనే ఉంది. కూలర్ చప్పుడుకు బయటి అలికిడి లోపలికి రాదు. లోపలి నవ్వు మాత్రం బయటికి పోయే ఉంటుంది.

ఎండ వాలాక ఇంటికి పోదామని బయటికొచ్చింది. మల్లవ్వ తన గడపమీద, ద్వారబంధానికి చేరగిలబడి, కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చుని ఉంది. మధ్యాహ్నమే పని దగ్గర కళ్లు తిరిగితే ఆటో ఎక్కి వచ్చేసిందట. అప్పటికి గడపమీద నీడ ఉండి ఉంటుంది. తర్వాత పొద్దు పడమటికి తిరిగింది.

"పెద్దవ్వా, ఎప్పుడొచ్చినవ్?"

చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలింది. చెమట చుక్క లేదు. పెదాలు ఏదో గొణుగుతున్నాయి. ఆమె తలపైన, గొళ్లానికి, ఎర్రగుడ్డ.

రవళి అప్పుడు చేసిన మొదటి పని నీళ్లు తేవడం కాదు. క్లారాను పిలవడమూ కాదు. ఆ గుడ్డ విప్పి జాకెట్లో దోపుకుంది. ఆ తర్వాతే అరిచింది.

క్లారా ఫ్రిజ్‌లోని సీసాలన్నీ ఒడిలో వేసుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ హడావిడిలో తలుపు తెరిచి లోపల ఎవరున్నారో చూడాలని ఎవరికీ తోచలేదు. ఆటోలో పటాన్‌చెరు దవాఖానకు పోతున్నంతసేపూ ఆ సీసాలను మల్లవ్వ చంకల్లో, మెడకింద పెట్టి పట్టుకున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. దక్కింది కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

మరునాడు మల్లవ్వకు తెలివొచ్చింది. మొదటి మాట:

"సునీలు లేసిండా? నా లొల్లికి పోరని నిద్ర ఖరాబైందో ఏమో."

నిజం రవళి నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూసింది. ఎండకు కమిలి, పొలుసులు లేచి, కళ్లు మాత్రం జవాబు కోసం తన మీదే నిలిపిన మొహం.

"లేవలే పెద్దవ్వా. మంచిగ పండుకున్నడు."

"ఆ... గంతె సాలు," అని మల్లవ్వ కళ్లు మూసుకుంది.

మంచం అవతల నిలబడ్డ క్లారా అది విని కళ్లు తుడుచుకుంది. ఆ ఆదివారం స్త్రీల ప్రార్థనలో సాక్ష్యంలా చెప్పింది. పరాయి పిల్లవాడి నిద్ర చెడకూడదని తన ఇంటి తలుపే కొట్టని తల్లి అని. వరుసంతా ఆ మాటే. రవళి క్లారా చేతులు పట్టుకుని బతిమాలింది. "ఆయనకు మాత్రం చెప్పకుర్రి టీచరమ్మా. తనకోసమె గిట్లయిందని తెలిస్తె తట్టుకోడు." క్లారా నిజమేనని నమ్మి, తక్కినవాళ్ల నోళ్లూ మూయించింది. ఒక అబద్ధానికి ఇంకోటి ఇంత తేలిగ్గా తోడొస్తుందని రవళికి అప్పటిదాకా తెలియదు.

సునంద వచ్చి తల్లిని సదాశివపేటకు తీసుకుపోయింది. రవళి వీలైనప్పుడల్లా బస్సెక్కి వెళ్లేది. వెళ్లేటప్పుడు ప్రతిసారీ ఈసారి చెప్పేస్తాననే వెళ్లేది. ఒకసారి ఇంట్లో ఎవరూ లేరు. అంబలి చెంచాతో పోస్తూ, "పెద్దవ్వా, ఆ దినం ఉన్నది సూడు..." అని మొదలుపెట్టింది.

మల్లవ్వ మధ్యలోనే అందుకుంది. "ఆ దినం ముచ్చటనె నేను గూడ యాది చేస్కుంట బిడ్డా. కడుపుల తిప్పుతుంటె తలుపు కొడ్దామని చెయ్యి లేపిన. మళ్ల దించిన. రాత్రంత నిలబడొచ్చిండు, పోనీ అనుకున్న. నా బతుకుల నేనెవ్వలకు ఏం పెట్టిన? ఉన్నదే లేకపాయె. గా ఒక్క నిద్రన్న ఇచ్చిన."

రవళి గిన్నెలోకి చూస్తూ అంబలి కలిపింది. చెబితే తన గుండె బరువు దిగుతుంది. కానీ ఈ మనిషి ఇచ్చాననుకున్నది ఖాళీ గదికి ఇచ్చినట్టవుతుంది. దాన్ని కూడా గుంజుకోవాలా? అలా అనుకుని ఊరుకుంది. తిరుగు బస్సులో కూర్చున్నాక ఇది ఆమె మీది జాలా, తన భయమా అని తనను తానే ప్రశ్నించుకుంది. తేల్చుకోలేకపోయింది.

తొలి వానలు పడ్డ వారంలో మల్లవ్వ పోయింది.

దినాలు చిట్కుల్‌లో, ఆ గది ముందే చేశారు. టెంటు వేశారు, వరుసంతా కదిలి వండింది. సునీల్ సెలవు పెట్టి బిందెలు మోశాడు. మొదటి బంతి లేవగానే సునంద రవళిని పిలిచి చేతిలో తాళంచెవి పెట్టింది.

"అవ్వ నీకియ్యమన్నది చెల్లె. డ్యూటీలోళ్లు పండుకోనీకి ఉండాలన్నది. అమ్మొద్దని ఒట్టేయించుకున్నది."

తర్వాత సునీల్ వైపు తిరిగింది. "రా తమ్మీ, నువ్వు గూసో. నీకు నేనే వడ్డిస్త. పోయేదాక నీ ముచ్చటనె. నువ్వు లోపల పండుకున్నవని, లేపొద్దని, ఎండల గట్లనె కూసున్నదంట గద మా అవ్వ."

సునీల్ చేతిలో బిందె కింద పెట్టాడు. అతని మొహంలో అర్థంకానితనం తప్ప మరేమీ లేదు.

"నేనా అక్కా? గా దినం నన్ను పొద్దుగాలనె కంపెనోళ్లు పిలిపిస్తిరి గద. గదిల ఎవ్వలు లేకుండె."

క్లారా గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. సునంద ఒకసారి తలుపును, ఒకసారి అతణ్ని చూసింది. చివరికి ఆమె కళ్లు రవళి మీద నిలిచాయి.

"గుడ్డ నేనిప్పలే అక్కా," అంది రవళి. "ట్యాంకరొచ్చిందని ఉరికిన. యాది మరిసిన."

"అవ్వకెరికేనా?"

"లేదు."

"గన్నిసార్లు వస్తివి గద. అంబలి తాపితివి, ఒళ్లు తుడిస్తివి. ఒక్కపాలి చెప్పరాలేదా?"

"సంబురపడుతుంటె... ఎట్ల చెప్పాల్నో..." మాట తనకే తప్పుగా వినిపించి ఆపేసింది.

సునీల్ రవళిని చూశాడు. ట్యాగు సంగతి ఆ వరుసలో అతనికంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. బిందె తీసుకుని నీళ్ల ట్యాంకు వైపు వెళ్లిపోయాడు.

రవళి తాళంచెవి ఉన్న చెయ్యి చాపింది. సునంద దాన్ని తీసుకోలేదు.

"నేను తీస్కుంటె అవ్వ మాట పోతది. ఉంచు. గది తెరిసి, ఊడ్సి, గోనె తడుపుడు గిప్పుడు నీ పని. నీకు కష్టమనిపిస్తదని నేనెందుకు ఇడిపించాలె?"

అని కొంగు నడుంలో దోపుకుని విస్తర్ల వైపు నడిచింది. రెండో బంతికి జనం కూర్చుంటున్నారు. టెంటు మీద చినుకులు మొదలయ్యాయి. రవళి ఉన్నచోటే నిలబడి ఉంది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, రమ్మనలేదు.

కాసేపటికి సునంద వెనక్కి తిరగకుండానే కేకేసింది. ఈసారి చెల్లె అనలేదు.

"రవళీ, గ్లాసులల్ల నీళ్లు లేవు. సూస్తలేవా?"

రవళి తాళంచెవిని కొంగున ముడివేసుకుని, జగ్గు తీసుకుని వెళ్లింది.