ఉడుమా, వదలొద్దు

మా తమ్ముడి కొడుక్కి నేను పెట్టిన పేరు ఉడుము. నవ్వొస్తే నవ్వండి, నాకేం పోయింది. మా వాళ్లందరూ ఎప్పుడో నవ్వి అలిసిపోయారు.

ఆ పేరు మీద నాకంత పట్టుదల ఎందుకంటే, నాకు ఇంకేమీ లేదు కాబట్టి. గిద్దలూరు బస్టాండు వెనక సందులో ఒక గది, ఒక కుట్టుమిషను, నేను. పెళ్లి అని ఒకటి జరిగింది. పిల్లలు పుట్టలేదని ఆయన ఇంకొకర్ని చేసుకున్నాడు, నేను గుడ్డలు సర్దుకొని వచ్చేశాను. అమ్మా నాయనా ఇద్దరూ పోయారు. నా అనుకోవడానికి మిగిలింది మార్కాపురంలో ఉండే తమ్ముడు ఒక్కడే. క్రిస్మసుకు, రంజానుకు ముందు గది నిండా ఆడవాళ్లే. జాకెట్టు కొలతలిస్తున్నంతసేపూ కబుర్లు చెబుతారు. కొలతలైపోతే కబుర్లూ అయిపోతాయి. ఆ తర్వాత మిషను చప్పుడే. మనిషి దొరక్క దానితోనే పోట్లాడతాను.

కానీ మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డకు పేరు పెట్టేది మేనత్త. మాది ప్రార్థనకు పోయే కుటుంబమే, అయినా ఆ పద్ధతి పోలేదు. పాస్టరయ్య ప్రార్థన చేస్తాడు, బిడ్డను ఒళ్లో పెట్టుకొని చెవిలో మూడుసార్లు పేరు చెప్పేది మాత్రం మేనత్తే. మొగుడు పోతే పోయాడు, మేనత్తరికాన్ని ఎవరు ఎత్తుకుపోతారు? మరదలు నీళ్లోసుకుందని తెలిసినప్పటినుంచీ మిగిలిన గుడ్డ ముక్కలతో చిన్న చిన్న జుబ్బాలు కుడుతూనే ఉన్నాను. ఈ భూమ్మీద ఒక్క మనిషైనా నేను పెట్టిన పేరుతో తిరగాలి. అంతకు మించి నేనేం అడగలేదు.

వాడు నెలలు నిండకముందే పుట్టాడు. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, బిడ్డను బాక్సులో పెట్టినారక్కా. నాకేం తోచట్లేదు, నువ్వు రా," అని ఏడ్చాడు. మిషను మీద గుడ్డ అట్లాగే వదిలేసి బస్సెక్కాను. మరదలికి రక్తం బాగా పోయి ఒంటి మీద స్పృహ లేదు, ఆమె వేరే వార్డులో ఉంది. తమ్ముడేమో రక్తం కోసం, మందుల కోసం పరుగులు. బిడ్డ దగ్గర కూర్చోవడానికి నేనే మిగిలాను.

మొదటిసారి పెట్టెలోకి తొంగి చూశాను. అబద్ధమెందుకు, బిడ్డలాగా లేడు. నల్లగా ఉన్నాడు, ముడతలు పడిన చర్మం ఎముకల మీద వదులుగా వేలాడుతోంది. సిస్టరు నాతో చేతులు కడిగించి, గాజు పెట్టెకున్న రంధ్రంలోంచి చెయ్యి పెట్టనిచ్చింది. నా చిటికెన వేలు వాడి అరచేతికి తగిలీ తగలగానే పట్టేసుకున్నాడు. వెనక్కి తీసుకుందామంటే రాదు.

"అబ్బో, ఏందమ్మా ఈ పట్టు! ఊపిరి తీసుకునేదానికి చేతకాదు గానీ," అని సిస్టరు నవ్వింది.

"ఉడుము సిస్టరమ్మా వీడు," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

మా నాయన కొమరోలు పక్క కొండల్లో గొర్రెలు కాచిన మనిషి. నా చిన్నప్పుడు ఒకసారి బండ సందులో ఇరుక్కున్న ఉడుమును చూపించాడు. ఇద్దరు మగవాళ్లు తోక పట్టుకొని లాగుతున్నా అది రాలేదు. "చూడు పాపా, దానికి కొమ్ముల్లేవు, బలమైన ఒళ్లు గూడా లేదు. ఉండేదంతా పట్టే. దొంగలు దీని నడుముకు తాడు కట్టి గోడ మీదికి ఎగరేసి, ఆ తాడు పట్టుకోని ఎక్కేటోళ్లంట," అని చెప్పాడు.

ఆ మాట గుర్తొచ్చి వాడి మీదికి వంగి, "ఉడుమా, వదలొద్దురా. పట్టు వదలొద్దు," అన్నాను. ఇక అప్పటినుంచి అదే జపం. ఉడుమా, పాలు తాగినావా? ఉడుమా, నిద్దర పోయినావా? పిల్లలు నిలవని ఇళ్లలో ఇట్లాంటి పేరే పెట్టేవాళ్లు వెనకటికి, చావు కూడా ఛీ అని పక్కకు పోతుందని. అది నమ్మానో లేదో నాకే తెలియదు గానీ, నేను పిలవడం ఆపితే వాడు పట్టు వదిలేస్తాడని మాత్రం భయపడ్డాను. ఆ ఆస్పత్రి వరండాలో ఇడ్లీ పొట్లం ముందు పెట్టుకొని, తినలేక ఏడ్చేదాన్ని. అయినా నిజం చెబుతాను, నా బతుకులో నేను ఒంటరిగా లేని రోజులు అవే. ఒకడు నన్ను పట్టుకొని ఉన్నాడు.

వాడు బతికాడు. తల్లీ తేరుకుంది. వాడికి కాస్త కండ పట్టాక తమ్ముడి ఇంట్లోనే పేరు పెట్టడానికి ఒక ఆదివారం అనుకున్నారు. మరదలి పుట్టింటివాళ్లు దర్శి నుంచి కారు మాట్లాడుకొని వచ్చారు. నేను కుట్టిన జుబ్బాల్లో మంచిది ఏరి వాడికి తొడిగి, ఒళ్లోకి తీసుకున్నాను.

"ఏం పేరనుకున్నావక్కా?" అన్నాడు తమ్ముడు, మాటవరసకు. వాళ్లు అప్పటికే ఫోన్లో వెతికి ఒక పేరు ఖాయం చేసుకున్నారని నాకు తెలియదు.

"ఉడుము," అన్నాను.

గదంతా ఒక్కసారి గొల్లుమంది. పాస్టరయ్య మంచివాడు. నవ్వు ఆపుకొని, "నేల మీద పాకేదాని పేరు ఎట్ల పెడతామమ్మా? బైబిల్లో మంచి మంచి పేర్లు ఉండాయి గదా," అన్నాడు.

నాకు తిక్క రేగింది. "సింహమని పెట్టుకుంటే గొప్ప, నాగని పెట్టుకుంటే భక్తి. ఉడుము ఏం పాపం చేసింది అయ్యగారూ? దాన్ని గూడా దేవుడే గదా పుట్టించింది?" అన్నాను.

మరదలి తల్లి మూతికి కొంగు అడ్డం పెట్టుకొని, "నీ ఉడుమూ వద్దు, మా చెయ్యి వదిలితే చాలు తల్లీ!" అంది. సామెత సమయానికి భలే కుదిరింది. అందరూ మళ్లీ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. నువ్వు రా అక్కా అని ఫోన్లో ఏడ్చినవాడే.

మరదలు మాత్రం నవ్వలేదు. "వదినా, ఒకసారి లోపలికి రా," అని వంటింట్లోకి పిలిచింది. ఆమెకింకా నీరసం తగ్గలేదు, గోడకు ఆనుకొని నిలబడింది.

"పేరు బాలేదని కాదు వదినా," అంది. "నువ్వు లేకుంటే వాడు లేడు, నాకు తెల్సు. కానీ వాడు నీ వేలు పట్టుకోని ఉన్నప్పుడు నేను అవతల మంచం మీద పడి ఉంటి. కన్న బిడ్డ మొకం గూడా చూడలేదు. ఆ పేరు వింటే నేను లేని దినాలే గుర్తుకొస్తాయి. అందరూ వాణ్ని అట్ల పిలుస్తావుంటే నేనెట్ల తట్టుకునేది? ఆ పేరు పెట్టొద్దు. నువ్వు గూడా పిలవొద్దు. నాకు మాటియ్యి వదినా."

పోట్లాటకు కొంగు బిగించే వచ్చాను. తిడితే నాలుగింతలు తిట్టి ఉండేదాన్ని. ఆ పిల్ల ఏడుస్తోంది. తొమ్మిది నెలలు కూడా మోయనివ్వకుండా చేతుల్లోంచి జారిపోయిన బిడ్డను ఇప్పుడు పట్టుకోవాలని చూస్తోంది, పాపం.

"సరేలే, ఏడవాకు," అన్నాను. "పిలవనులే."

బయటికి వచ్చి, వాళ్లు ఫోన్లో చూపించిన పేరును నోట్లో తిప్పుకొని, తప్పు పోకుండా వాడి చెవిలో మూడుసార్లు చెప్పాను. చెబుతున్నంతసేపూ వాడు నా చిటికెన వేలు పట్టుకొనే ఉన్నాడు. ప్రార్థన అయ్యాక వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, వాణ్ని తల్లి ఒళ్లో పెట్టాను. బస్సుకు టైమైందని అబద్ధం చెప్పి, భోజనం చేయకుండానే బయలుదేరాను.

కంభం దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. పక్క సీటులో ఉన్న పెద్దావిడ, "ఏమ్మా, ఎవరన్నా పోయినారా?" అని అడిగింది.

"లేదవ్వా, మేనల్లుడికి పేరు పెట్టి వస్తావుండా," అన్నాను.

ఇప్పుడు వాడు బడికి పోతున్నాడు. నేను మాట తప్పలేదు. ఎప్పుడు మాట్లాడినా ఆ ఫోన్ పేరుతోనే పిలుస్తాను, పలకడానికి నాలుక మూడు వంకర్లు పోయినా సరే. కొన్నాళ్ల కింద తమ్ముడితో మాట్లాడుతుంటే వెనకనుంచి మరదలి గొంతు వినబడింది. "ఒరే ఉడుమా, చెయ్యి వదల్రా, అన్నం కలపాల!"

నా కాలు మిషను మీద ఆగిపోయింది. ఎప్పుడు మొదలుపెట్టిందో, ఎందుకో నేను అడగలేదు. వాడు ఆమెను కూడా అట్లాగే పట్టుకొని ఉంటాడు. సంతోషించాల్సిన విషయమే, సంతోషించాను కూడా. కానీ ఫోన్ పెట్టేశాక ఆ పేరు ఒక్కసారి గట్టిగా పిలవాలనిపించింది. గదిలో వినేవాళ్లు ఎవరూ లేరు, అయినా పిలవలేదు. మాటిచ్చాను కదా.

మొన్న వాడే ఫోన్ చేశాడు. "అత్తా, మా అమ్మ నన్ను ఉడుమా అంటాది. ఉడుమంటే ఏంది?"

"కొండల్లో ఉంటాది నాయనా. దేన్నన్నా పట్టుకుంటే ఇంక వదల్దు."

"నాకెవరు పెట్టినారు ఆ పేరు?"

లైను కట్టయిందనుకొని వాడు హలో హలో అంటున్నాడు.

"మీ అమ్మే," అన్నాను. "పుట్టినప్పుడు నువ్వు మీ అమ్మ వేలు పట్టుకోని వదిలితే గదా. అందుకే పెట్టింది."

"నువ్వు చూసినావా?"

"చూసినా నాయనా," అన్నాను. "పక్కనే ఉంటి."