సముద్రం వంతు

మా సోషల్ మేష్టారు పోయారన్న కబురు నాకు నలభై ఏడు దండం బొమ్మల వెనక దొరికింది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు అది. పుట్టినరోజులకు కేకు బొమ్మ నొక్కే వేళ్లే ఈసారి దండం బొమ్మ నొక్కాయి. ఎవరు పోయారో తెలియాలంటే పైకి జరుపుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడి అమ్మకు ఫోన్ చేశాను.

"ఔనే. పొద్దున్నే టీ తాగి వరండాలో కూకున్నారట. కూకున్నోరు కూకున్నట్టే ఒరిగిపోనారు. నీకు సెబుదామనే అనుకుంతన్నాను," అంది అమ్మ.

ఆ ఉదయం నేను వెళ్తున్న పనేమిటో కూడా చెప్పాలి. కాలేజీలు తిరిగి పిల్లలకు సాఫ్ట్ స్కిల్స్ నేర్పే ఉద్యోగం నాది. "నువ్వు హెచ్ఆర్. నువ్వు అభ్యర్థి. నువ్వు కోపం వచ్చిన కస్టమర్," అని వేలు చూపిస్తాను. కోపం వచ్చిన కస్టమర్ నవ్వు ఆపుకుంటూ కోప్పడతాడు. అవతలి పిల్ల బట్టీ పట్టిన క్షమాపణ ఇంగ్లీషులో అప్పజెబుతుంది. అందరం చప్పట్లు కొడతాం. దీన్ని మేం రోల్ ప్లే అంటాం. మేష్టారి దగ్గర నేర్చుకున్నదాన్ని పలుచన చేసి, ఉప్పూ కారం తీసేసి, నేను బతకడానికి వాడుకుంటున్న సరుకు ఇది. ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే ముఖం లేదు.

ఆయన మా చేత ఆడించే ఆటకు కావలసినవి ఆరు గవ్వలు, ఒక పెన్సిలు, ఊళ్లో అయిన పెళ్లిళ్ల శుభలేఖలు. పాత క్యాలెండరు కాగితాల వెనక రేవూరు అనే ఊరి పటం గీసి ఉండేది. అలాంటి ఊరు ఎక్కడా లేదు. అయినా దానికి సంత, రేవు, తహసీల్దారు ఆఫీసు, ఎప్పుడూ పనిచెయ్యని ఒక బోరింగు ఉన్నాయి. మేమంతా ఆ ఊరి మనుషులం. ఎవరి శుభలేఖ వెనక వాళ్ల పాత్ర, దాని కింద నాలుగు అంకెలు: బలం, మాట, ధైర్యం, ఆకలి. ఆకలి మాత్రం పెన్సిలుతో రాయాలి, పూటపూటకీ మారుతుంది కనక. మేష్టారు ఊరికొక ఆపద తెచ్చి పెట్టి, ఒక్కొక్కరి వైపూ తిరిగి అడిగేవారు: "ఇప్పుడేటి సేస్తావు?" చెప్పాలి. చెప్పి గవ్వలు వెయ్యాలి. ఎన్ని వెల్లకిలా పడితే అంత అదృష్టం.

అర్జీ ఎలా రాయాలో, పంచాయతీలో ఎవరికి ఏ అధికారం ఉందో నేను అక్కడే నేర్చుకున్నాను. పాఠ్యపుస్తకంలో ఆ పాఠం ఉందని పరీక్షల ముందు తెలిసింది.

ఒకటే షరతు. ఎవరంటే మనకు గిట్టదో వాళ్ల పాత్రే తీసుకోవాలి. "నచ్చినోడి ఏసం ఇంట్లో అద్దం ముందు కట్టుకోవచ్చు. నచ్చనోడి ఏసం కట్టడానికే నలుగురు గావాల," అనేవారు. నాకు గిట్టనివాళ్ల జాబితా చిన్నప్పట్నుంచీ పొడుగే కాబట్టి పాత్రల కొరత ఎప్పుడూ రాలేదు. తొమ్మిదో తరగతిలో మూడు వారాలు రేషను డీలరుగా ఉన్నాను. అతన్ని నలుగురి ముందూ బట్టలిప్పి నిలబెట్టాలని మొదలుపెట్టాను. మూడో వారానికి తూకం దగ్గర బొటనవేలు ఎలా ఆనించాలో నాకే బాగా వచ్చేసింది.

"సూసినావా అమ్మీ, ఎంత బేగి నేర్సీసుకున్నావో," అన్నారు మేష్టారు. ఆడపిల్లలందరం ఆయనకు అమ్మీలమే. తొమ్మిదేళ్లలో నా పేరు ఒక్కసారైనా సరిగ్గా పలికిన పాపాన పోలేదు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడానికి ఇది రాయడం లేదు. ఆ పని చెయ్యడానికి వేరేవాళ్లు ఉన్నారు. చలికాలం పోయినా ఆయన కోతిటోపీ తియ్యరు. ఆట మధ్యలో కునుకు తీస్తారు. ఎవరైనా మరీ కష్టాల్లో పడితే కాలి బొటనవేలితో ఒక గవ్వను వెల్లకిలా తిప్పేస్తారు. పట్టుకుంటే, "గాలేసిందే," అంటారు.

ఈ ఆట మొదట మా బళ్లోనే జరిగేది. మా ప్రైవేటు బడి నడిపే కరస్పాండెంటు ఒకరోజు తలుపు దగ్గర నిలబడి చూశాడు. నేను డీలరుగా ఎవరినో తిడుతున్నాను. "ఇది స్కూలా, నాటకాల కంపెనీయా మాస్టారూ? పేరెంట్స్ అడిగితే నేనేం చెప్పాలి?" అన్నాడు. మా వైపు మనిషే అయినా నోట్లో మా యాస పడకుండా జాగ్రత్తగా మాట్లాడతాడు. మేష్టారు గవ్వలు జేబులో వేసుకున్నారు. ఆ వారం నుంచి ఆట కోటబొమ్మాళిలో వాళ్లింటి వరండాలోకి మారింది. శనివారం ఒంటిపూట బడి వదిలాక.

రెండేళ్ల కిందట డిగ్రీ ఆఖరి సంవత్సరం సెలవులకు వచ్చినప్పుడు, తోచక, ఒక శనివారం వెళ్లాను. ఎండుచేపల గంప చంకన పెట్టుకుని ఒక ముసలామె మనవరాలిని తీసుకొచ్చింది. పదకొండేళ్లుంటాయి.

"ఈళ్ల నాన పోయినకాణ్ణించి మాట నేదు బాబూ. ఇస్కూల్లో దీన్ని పిచ్చిదంతన్నారు. మాటాడించమని అడగను. నలుగురి మధ్యన కూకుంటే సాలు," అంది.

తండ్రి ఎలా పోయాడని మేష్టారు అడగలేదు. ఆ రోజు రేవూరి ఆపదగా తుపాను తెచ్చారు. రేవు నుంచి వెళ్లిన పడవ ఒకటి తిరిగి రాలేదన్నారు. ఆ పిల్ల లేచి, చెప్పులు వదిలేసి వెళ్లిపోయింది. ఎవరో చెవిలో చెప్పారు, ఆ తండ్రి వేటకు వెళ్లి సముద్రంలోనే పోయాడని, శవమైనా దొరకలేదని. మేష్టారు కోతిటోపీ తీసేశారు. చిన్న చెప్పుల జత చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో ఆ వీధంతా నడిచి వెళ్లడం చూశాను.

"అడగాల. అడక్కుండా ఎవల ఇంట్లోకీ దూరకూడదు, ఆటలోనైనా," అన్నారు తిరిగొచ్చి. మాతో కాదు.

తర్వాతి శనివారం పిల్ల వచ్చింది. మేష్టారు ఖాళీ శుభలేఖ ఇచ్చారు. "రాయకపోనా ఏటీ అవ్వదమ్మీ. ఉత్తినే కూకో."

పిల్ల రాసింది. పక్కనున్న పిల్ల తొంగి చూసి కిసుక్కుమంది. "సముద్రమంట! సముద్రం మనిసేటి మేష్టారూ?"

"దానికి గిట్టనిది అదే అయితే అదే," అని గవ్వలు ముందు పెట్టారు. "సముద్రమా, ఇప్పుడేటి సేస్తావు?"

నేను సైకాలజీ పేపర్లో మంచి మార్కులు తెచ్చుకున్న మేధావిని. ఈ ముసలాయనకు బుద్ధి లేదా, పసిపిల్ల పుండు కెలుకుతున్నాడేమిటి అనుకుంటూ ఫోనులో తల దూర్చాను. అందుకే, ఆ పిల్ల నోరు తెరిచిన క్షణాన ఆమె ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. విన్నానంతే.

"ఇవ్వను."

మేష్టారు ఉలిక్కిపడలేదు, మెచ్చుకోలేదు. రేషను డీలరును అడిగినట్టే అడిగారు: "ఎందుకివ్వవు?"

"నాకాకలి."

ఆయన పెన్సిలు తీసి ఆ శుభలేఖ మీద ఆకలి అంకె పెంచి రాసుకున్నారు. "సరే. తరవాతోళ్లు."

ఆ పైన వారానికొకసారి సముద్రం ఏదో ఒకటి ఒడ్డుకు విసిరింది. వల ముక్క. పడవ చెక్క. ఒక ఎడమకాలి చెప్పు. మనిషిని మాత్రం ఇవ్వలేదు. ఇమ్మని ఆయన అడగనూ లేదు. ఇంట్లోనూ బళ్లోనూ ఆ పిల్ల మూగగానే ఉంది. వారానికి ఆ గంటన్నర మాత్రం మాట్లాడేది.

ఇక మేష్టారు పోయిన పదకొండో రోజు బళ్లో పెట్టిన సంతాప సభ గురించి. కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగారు. నాటకాల కంపెనీ అన్న ఆ కరస్పాండెంటే అధ్యక్షుడు. మేష్టారు "యాక్టివిటీ లెర్నింగ్‌లో మన జిల్లాకు దారి చూపిన మహానుభావుడు" అని అతని నోటితోనే విన్నాను. ఆ ఆటను తానే ప్రోత్సహించాడట. కళ్లద్దాలు తీసి, పొడి కళ్లు తుడుచుకుని, బళ్లో స్మారక రోల్ ప్లే ల్యాబ్ పెడతామన్నాడు. గవ్వలూ శుభలేఖలూ అందులో అద్దాల బీరువాలో భద్రం చేస్తారట. తాళం ఆఫీసులో ఉంటుందట. చప్పట్లు కొట్టారు. నలభై ఏడు దండాలూ అక్కడే ఉన్నాయి.

మేష్టారి భార్య ముందు వరుసలోంచి లేచారు. "శనోరం పిల్లలొస్తారు బాబూ. గవ్వలు గావాలంటే ఆదోరం వచ్చి అడగండి," అని కూర్చున్నారు. సభలో పనికొచ్చిన మాట అదొక్కటే.

గేటు దగ్గర ఎండుచేపల ముసలామె నా చెయ్యి పట్టుకుంది. పిల్ల పక్కనే ఉంది. "పదకొండు రోజులయ్యింది. మొన్న శనోరం ఆట నేదు, ఒక్క మాట నేదు తల్లీ. వచ్చే ఏడు ఇస్కూలికి అట్టుకురావద్దన్నాడు ఆ కరస్పాండెంటు బాబు, జవాబులు సెప్పదని. ఇప్పుడు ఆ ఆట కూడా నేకపోతే ఇది ఇలాగే ఉండిపోతాది. రేపు శనోరం నువ్వుంతావా?"

"చూస్తాను," అన్నాను. నా వృత్తిలో కాదనడానికి వాడే మాట అది. శనివారం సాయంత్రం విజయనగరంలో నాకు పనుంది.

అయినా వెళ్లాను. బస్సుకు ఇంకా టైముందని. వరండాలో చాప వేసి ఉంది, ఆరుగురు పిల్లలున్నారు. నేను పెద్దమనిషిలా వెళ్లి మేష్టారు కూర్చునే గోడ పక్కన కూర్చోబోయాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. పిల్లల వరుసలో చోటు చూపించి, ఖాళీ శుభలేఖ ఒకటి నా ఒళ్లో పెట్టింది.

షరతు నాకు తెలుసు. కరస్పాండెంట్ అని రాశాను. రాయడమేమిటి, లేచి వాడినైపోయాను. లేని కళ్లద్దాలు తీసి, పొడి కళ్లు తుడుచుకున్నాను. గొంతు సవరించి, "యాక్టివిటీ లెర్నింగ్‌లో..." అన్నాను. పిల్లలు పొర్లిపొర్లి నవ్వారు. తలుపు దగ్గర మేష్టారి భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఇన్నేళ్ల కసి తీరుతున్నట్టుంది. ఇంకో పావుగంట ఆడించగలను.

ఆ పిల్ల నవ్వలేదు. గోడ పక్కకు, ఆయన చోటుకు, జరిగి కూర్చుంది. ఆరు గవ్వలూ నా ముందుకు తోసింది.

"కరస్పాండెంటు గారూ." గొంతు రెండు వారాల తుప్పుతో బొంగురుగా ఉంది. "మీ ఇస్కూల్లో ఒక పిల్ల మాటాడదు. ఇప్పుడేటి సేస్తావు?"

వాణ్ణి తిట్టడానికి నా దగ్గర తొమ్మిదేళ్లుగా పోగుచేసిన మాటలున్నాయి. వాడి కుర్చీలో కూర్చుని చెప్పవలసిన జవాబు ఒక్కటీ లేదు. గవ్వలు తీసుకున్నాను. వీధిలో బస్టాండుకు నేనెక్కాల్సిన ఆటో రెండుసార్లు హారను కొట్టి వెళ్లిపోయింది.

ఆ పిల్ల పెన్సిలు పట్టుకుని చూస్తోంది, నా ఆకలి ఎంతని రాయాలో అని.