పెద్దాయన ఇంగ్లీషు మరిచిపోయిన చలికాలం

పోయినవారం ఇక్కడ న్యూజీలాండ్ డునెడిన్‌లో మా వీధి చివరి వృద్ధుల కేర్ హోమ్‌ను పడగొడుతుంటే చూసి వచ్చాను. నేను అందులో కొత్తగా నర్సు పనిలో చేరినప్పుడు మూలగదిలో ఉండిన పెద్దాయన గొంతు అప్పట్నుంచీ చెవుల్లోంచి పోవడం లేదు.

ఆయనది ఫిన్లాండుకీ స్వీడనుకీ మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి. స్వీడిష్ మాట్లాడే ఆ గుప్పెడు జనానికి సొంత పంచాయతీ, ఒక చర్చి, పాత పడవలూ వలలూ దాచిన చెక్క మ్యూజియం ఉండేవట. పడుచుతనంలో ఓడెక్కి వచ్చి, ఇక్కడే పెళ్లాడి, అరవయ్యేళ్లు ఇంగ్లీషులోనే బతికిన మనిషి, మతిమరుపు జబ్బు ముదిరాక ఆ ఇంగ్లీషంతా పోగొట్టుకున్నారు. మిగిలిన దీవి మాట ఆయన ఒక్కగానొక్క కూతురికి ముక్క రాదు, ఆయనే నేర్పలేదు. రోజంతా ఒకే ప్రశ్న అడిగేవారు, జవాబు రాకపోతే ఏడ్చేవారు. మేం నీళ్లిచ్చేవాళ్లం, దుప్పటి కప్పేవాళ్లం, చివరికి నిద్రమందు. అది నా చేత్తోనే ఇచ్చాను.

ఒకరోజు కూతురికి ఆయన పెట్టెలో ఆ మ్యూజియం కార్డు దొరికింది. సాయంత్రం, అక్కడ తెల్లవారాక, దాని మీది నంబరుకు ఫోన్ చేసి, ఎత్తినావిడకు సంగతి చెప్పి, రిసీవర్ ఆయన చెవి దగ్గర పెట్టాను. ఆయన అడిగారు, ఆపైన ఇంకేదో చాలాసేపు చెప్పారు. ఆవిడేదో మెల్లగా చెప్పింది. ఆయన తలూపి కళ్లు మూసుకున్నారు.

రిసీవర్ నేను తీసుకుని, "ఏమడిగారండీ?" అన్నాను ఆవిడతో.

"తమ్ముడి పడవ వచ్చిందా అని. ఆరోజు వలలు తీయడానికి ఈయనే వెళ్లాలట, జ్వరమని అబద్ధమాడి తమ్ముణ్ణి పంపారట. సముద్రంలో మునిగిపోయినవాళ్ల పేర్లు మా మ్యూజియం గోడ మీద రాసున్నాయి, ఆ పిల్లాడి పేరూ ఉంది."

"మీరేం చెప్పారు?"

"వచ్చిందన్నాను."

తండ్రికి తమ్ముడున్నట్టే కూతురికి తెలియదు. మర్నాడు పొద్దున్నే ఆయన మళ్లీ అదే అడిగారు. పడవ వచ్చిందన్న ఆ ఒక్క వాక్యాన్ని కూతురు మ్యూజియం ఆవిణ్ణి ఫోన్లో అడిగి, దీవి మాటలో పలికినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో కాగితం మీద రాసుకుని, మూడు వారాలు, ఆయన పోయేదాకా, రోజూ చదివి వినిపించింది. ఆయన ఆమెను ఎవరో ఊరి మనిషి అనుకుని దండం పెట్టేవారు.

ఇప్పుడు ఫోను ముందు పెడితే ఏ భాషయినా క్షణంలో ఇంగ్లీషవుతుందంటారు. అప్పుడది ఉంటే ఆయనకు అంత మందు మింగించేవాళ్లం కాదేమో. కాని ఇక్కడికొచ్చిన మన తెలుగువాళ్ల సంగతి చూస్తే, మన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడరు, వాళ్ల పిల్లలకు అదీ లేదు. ఎవరికీ చెప్పుకోకుండా మనం దాచుకున్నవి రేపు నోరు జారి బయటపడితే, వినడానికి పక్కన ఎవరుంటారా అని ఈమధ్య తరచూ అనిపిస్తోంది.