అమ్మబడును

మోకాళ్ళు వంగడం మానేశాక, నేలను రాసుకుంటూ పోయే ఆ ఎర్రటి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారులోకి దిగడం పళ్ళ డాక్టరుగారి వల్ల కాలేదు. అమ్మేద్దామనుకున్నారు. వేలంపాటలో పెడితే నలుగురి నోళ్ళలో పడుతుందని ఆయనే వద్దన్నారు. బ్రోకరుకిస్తే వాడు ముందు టైర్లు తన్ని చూస్తాడన్నారు. చివరికి తన చేత్తోనే బోర్డు రాసి కారు అద్దానికి ఆనించారు. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో బానెట్ తుడిచి, రోగి నోట్లోకి చూసినట్టు హెడ్‌లైట్లలోకి తొంగి చూసి, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునేవారు. దారినపోయేవాళ్ళు ఆగి, బోర్డు చదివి, నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. "మంచి బండి విలువ ఎవడికి తెలుసులే" అని ఆయన గొణుక్కునేవారు.

ఒక వాన వెలిసిన ఉదయం, బోర్డు తుడవబోయిన భార్య ఆగిపోయింది. "ఏవండీ, అమ్మబడును అని కదా రాయాలి? అమ్మబడదు అని రాశారేంటి?" ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "చెయ్యి జారినట్టుంది" అన్నారు. జారే చెయ్యే అయితే ఇన్నేళ్ళు పళ్ళు పీకి ఉండరని ఆవిడకు తెలుసు. రంగు డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆయన అమ్మబడును అని దిద్దారు. ఇప్పుడూ దారినపోయేవాళ్ళు ఆగుతున్నారు, చదువుతున్నారు, వెళ్ళిపోతున్నారు. నవ్వడం మాత్రం మానేశారు.