గుట్ట మీద బర్రె

ఏయ్, ముందే నవ్వొద్దు! చాయ్ తాగుండ్రి, చెప్త. నిన్న నా పెండ్లి ముచ్చట ఏడిదాంక వచ్చి ఆగిందో వింటే, వీనికి గుట్టల పిచ్చి ఉండొద్దుండె అని మీరే అంటరు.

నా సంగతి మీకు ఎర్కే గద. గుట్ట కనవడ్తే చాలు, పైకెక్కితే అవుతల ఏం కనవడ్తదో అని పానం గుంజుతది. మౌలాలి గుట్టెక్కితే చార్మినార్ గింతంత కనవడ్డది. పోయినేడు బార్కస్ అవుతల పహాడీ ఎక్కిన. "క్యా ఢూండ్ రా మియా?" అని, ఏం దేవులాడుతున్నవని ఒక ముసలాయన అడిగిండు. "కుచ్ నై చాచా, బస్ దేఖ్‌రౌఁ" అన్న, ఉత్తగనే చూస్తున్న అని. గాయన గూడ నా పక్కన నిలవడి మస్తుసేపు చూసిండు!

ఇంగ మిగిలింది మీరాలం చెర్వు అవుతలి గుట్ట. రోజూ బర్రెను మేపేది దాని కిందనే, ఎక్కింది మాత్రం ఎన్నడు లేదు.

నిన్న పొద్దుగాల అమ్మ చెప్పనే చెప్పింది. "బిడ్డా, మాపటికి పిల్ల తండ్రి నిన్ను చూడనీకె వస్తడు. వాళ్ళు గూడ మన లెక్క పాలమ్ముకునే పాలోళ్ళే. బర్రెను జల్ది తోల్కరా, చిక్కటి పాలతోని చాయ్ పొయ్యాలె." పొద్దటి పాలన్నీ రోజు వాడికెగ కొనేటోళ్ళకు పోసేసినం. ఇంకో బర్రె సూడి మీద ఉన్నది. ఇగ పాలిచ్చేది గిదొక్కటే.

జర ఎక్కి చూసి దిగుత, ఎంతసేపు అనుకున్న. బర్రెకు పెట్టే గానుగ చెక్క తువ్వాలల మూటగట్టి భుజాన్నే ఉండె. సగం ఎక్కిన్నో లేదో, ఎనుక బుస్సుబుస్సున చప్పుడు! మర్లి చూస్తే బర్రె! చెక్క వాసనకు రాళ్ళ నడుమకెల్లి వస్తనే ఉన్నది. "హో, ఎనుకకు పో!" అంటే వింటదా? పైకొచ్చి, చెక్కంత తిని, సల్లగాలికి పండుకున్నది.

పైనుంచి ఏం కనవడ్డదంటరా? మా ఇల్లే కనవడ్డది! వాకిలి ఊడుస్తున్న అమ్మ గూడ, చీమంత. అప్పుడు యాదికొచ్చింది, పిల్ల తండ్రి వచ్చే యాళ్ళయిందని!

బర్రెను లేపితే లేవది. తోక మెలేసిన, తిట్టిన, బతిమిలాడిన. ఆఖరికి మస్తు అకల్ వచ్చి ఒక ఉపాయం తట్టింది నాకు. దూడెను చూస్తే తల్లి ఎందుకు లేవది? ఇంటికి ఉరికిన. అమ్మ చూడకుంట దొడ్లకెల్లి దూడెను భుజాల మీద ఏస్కొని మళ్ళ గుట్టెక్కిన. నడుము ఇరిగింది భాయ్!

తల్లి లేచింది. నేను ఖుషీగ చెమట తుడుచుకుంటున్న, గంతల్నే దూడె పొదుగుకు మూతివెట్టింది. పాలోని కొడుకునై ఉండి, దూడె మూతికి చిక్కం కట్టాలెనన్న సోయి లేకపాయె నాకు! ఎంత గుంజినా రాదు. కడుపునిండ తాగినంక తల్లీపిల్లలు మంచిగ దిగిన్రు, నేను కుంటుకుంట ఎనుక.

ఇంటికొచ్చేసరికి పిల్ల తండ్రి మంచం మీద కూసున్నడు. అమ్మ చెంబు వట్టుకొని బర్రె కాడ కూసుంటే చుక్క రాలే. నన్ను చూసింది చూడుండ్రి ఒక చూపు! పాలోళ్ళ ఇంట్ల నల్ల చాయ్ పోసింది.

"ఏందయ్యా గిది?" అన్నడాయన. శరమైంది గని, మొత్తం చెప్పిన.

గాయన నవ్వలే. లేచి బర్రె చుట్టు తిరిగిండు. గిట్టలు చూసిండు, కాళ్ళు ఒత్తి చూసిండు. "గా రాళ్ళ గుట్ట ఎక్కి, జరగూడ కుంటకుండ దిగిందా?"

"దిగింది మామా" అన్న. మామా అనుడు జర జల్దే అయింది.

అమ్మను పక్కకు పిలిచి మాట్లాడిండు. ఇద్దరు తలలూపుతున్నరు, నవ్వుతున్నరు. నా పెండ్లి కుదిరిపాయె అని సిగ్గుతోని తల గూడ వంచిన! టాంగా ఎక్కి ఆయన పోంగనే అమ్మను అడిగిన.

"ఏమన్నడే?"

"బర్రె మస్తు నచ్చిందంట బిడ్డా. దూడెతోని సహా బేరం ఖాయం జేస్కున్నడు."

"మరి నేను?"

"ఆలోచించి చెప్తడంట."